అబ్‌స్ట్రాక్టే అసలు పత్రం

“అబ్‌స్ట్రాక్టే కదా, ఏదో ఒకటి రాసి పంపించెయ్. పత్రం సంగతి తర్వాత చూసుకుందాం.” సదస్సుల కాలం వచ్చిందంటే యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్లలో, మెడికల్ కాలేజీ డ్యూటీ రూముల్లో, ఇంజనీరింగ్ కాలేజీల స్టాఫ్ రూముల్లో ఈ మాట వినిపిస్తూనే ఉంటుంది. గైడ్లు స్కాలర్లతో అంటారు. సీనియర్లు జూనియర్లతో అంటారు. గడువు పొడిగిస్తూ నిర్వాహకులు ఫోన్లో ఇచ్చే భరోసా కూడా ఇదే: “రెండు పేరాలు పంపండి సార్ చాలు, సావనీర్‌లో వేసేద్దాం.”

ఈ అభిప్రాయం ఉన్నవాళ్లలో నిజాయితీపరులు, కష్టపడి పనిచేసేవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకే వాళ్ల వాదనను ముందు దాని పూర్తి బలంతో చెప్పుకోవాలి. మూడు నాలుగేళ్ల శ్రమను అబ్‌స్ట్రాక్ట్ పేరుతో 250 మాటల సారాంశంలోకి కుదించడం ఆ శ్రమకు అన్యాయం. దాని విలువ తేలాల్సింది పూర్తి పత్రంలో, వేదిక మీద, ప్రశ్నలకు చెప్పే జవాబుల్లో. సదస్సుకు నాలుగైదు నెలల ముందే గడువు పెడతారు, అప్పటికి పని పూర్తికాదు, ఫలితాలు రాయమంటే ఎక్కణ్నుంచి తేవాలి? ఫాంటు, మార్జిన్లు, అక్షరాల లెక్క సదస్సుకో రకంగా ఉంటాయి. వాటికీ శాస్త్రానికీ సంబంధం లేదు, అది టైపిస్టు చూసుకోవాల్సిన పని. పైగా ఈ పోటీ ఇంగ్లీషులో చెయ్యి తిరిగినవాళ్లకే అనుకూలం. పల్లెల నుంచి, తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు భాష దగ్గరే ఓడిపోతారు. చివరగా, చాలా సదస్సులు ఫీజు కట్టినవాళ్లందరినీ తీసుకుంటాయి. ఎవరూ చదవని దాని మీద వారం రోజులు ఎందుకు పెట్టాలి?

ఇందులో ప్రతి మాట వెనకా ఎవరో ఒకరి అనుభవం ఉంది. అయినా ఈ మాటలన్నీ కలిసి చేరే నిర్ణయం తప్పు. అది పరిశోధననూ, పరిశోధకులనూ, వాళ్ల ఫలితాలను నమ్ముకునే మామూలు మనుషులనూ నష్టపరుస్తోంది. ఒక్కొక్కటే తీసుకుందాం.

1. “విలువ తేలేది పూర్తి పత్రంలో”

ఏ పూర్తి పత్రంలో? ఎంపిక చేసే కమిటీ ముందు అది ఉండదు. కంప్యూటర్ సైన్స్ లాంటి కొన్ని శాఖల్లో పూర్తి వ్యాసాన్నే పరీక్షించి తీసుకుంటారు, వాటిని పక్కన పెడదాం. వైద్యం, వ్యవసాయం, జీవశాస్త్రం, సామాజిక శాస్త్రాలు, సాహిత్యం వంటి రంగాల్లో ఎక్కువ సదస్సులకు పరీక్షకుడి చేతికి వచ్చేది ఒక్క పేజీ. ఓరల్ ప్రజెంటేషనా, పోస్టరా, తిరస్కారమా అన్నది దాన్ని చూసే తేలుస్తాడు. సదస్సుకు వచ్చినవాళ్లు కూడా ఒకే సమయంలో నడిచే నాలుగు హాళ్లలో ఎటు వెళ్లాలో ఆ పేజీ చూసే నిర్ణయించుకుంటారు.

సరే, సదస్సు అయిపోయాకైనా పూర్తి పత్రం వస్తుందా? వైద్య పరిశోధనల ఆధారాలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2018లో ప్రచురించిన సమీక్ష ఈ ప్రశ్నకు జవాబు వెతికింది. ప్రధానంగా వైద్యరంగానికి చెందిన 425 నివేదికల్లోని 3,07,028 అబ్‌స్ట్రాక్టులను లెక్కలోకి తీసుకుంటే, తర్వాత పూర్తి వ్యాసాలుగా అచ్చయినవి 37.3 శాతం. పదింటిలో ఆరు అబ్‌స్ట్రాక్టుగానే మిగిలిపోయాయి. రోగులను లాటరీ పద్ధతిలో రెండు గుంపులుగా విడదీసి జరిపే ట్రయల్స్‌ను అన్నిటికన్నా గట్టి ఆధారంగా చూస్తారు. వాటిలో కూడా దాదాపు 40 శాతం పూర్తి వ్యాసం దాకా రాలేదు. మన దగ్గర సంగతి తెలుసుకోవాలంటే డిపార్ట్‌మెంట్ బీరువాలో ఉన్న పాత సావనీర్ తీసి, అందులోని శీర్షికల్లో ఎన్ని తర్వాత ఎక్కడైనా అచ్చయ్యాయో వెతికితే చాలు.

అదే సమీక్ష ఇంకో విషయం కూడా చెప్పింది. అనుకూల ఫలితాలు వచ్చినవి పూర్తి వ్యాసాలుగా రావడం ఎక్కువ. అంటే ‘ఈ మందు పనిచేయలేదు’, ‘ఈ రకం వంగడం దిగుబడి పెంచలేదు’ అన్న సమాచారం చాలాసార్లు అబ్‌స్ట్రాక్టులో తప్ప మరెక్కడా ఉండదు. ఒక చికిత్స మీద ప్రపంచంలో ఉన్న ఆధారాలన్నీ కూడదీసి సమీక్ష రాసేవాళ్లు అందుకే సదస్సుల అబ్‌స్ట్రాక్టులను గాలిస్తారు. అక్కడ అంకెల బదులు ‘ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయి’ అన్న ముక్క ఒక్కటే ఉంటే, ఆ అధ్యయనంలో పాల్గొన్న రోగులు సూదులు పొడిపించుకున్నది వృథా. మరో ఊళ్లో మరో బృందం అదే ప్రయోగం మరికొందరు రోగుల మీద మళ్లీ చేస్తుంది.

తర్వాత చూసుకుందాం అంటున్న పత్రం చాలాసార్లు ఎప్పటికీ రాదు. మిగిలే రికార్డు ఈ పేజీయే.

2. “250 మాటల్లో ఎలా పడుతుంది?”

పడుతుంది. పట్టదని మనం అనుకోవడానికి కారణం ఆ 250 మాటలను మనం దేనికి ఖర్చు పెడుతున్నామో చూసుకోకపోవడం.

నల్లగొండ జిల్లా మర్రిగూడ ప్రాంతంలో బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ మీద ఒక స్కాలర్ పనిచేశాడనుకుందాం. ఆ జిల్లా ఫ్లోరైడ్ బాధ దేశమంతా తెలిసినదే. పటిక, సున్నం వాడి నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ రూపొందించినప్పుడు దానికి ఆ జిల్లా పేరే వచ్చింది. ఇంత అవసరమైన విషయం మీద మన సదస్సులకు వచ్చే అబ్‌స్ట్రాక్ట్ మామూలుగా ఇలా నడుస్తుంది. నీరు సకల జీవులకూ ఆధారం. భూగోళంలో మంచినీరు బహు తక్కువ. ఫ్లోరోసిస్ అంటే ఫలానా. ఈ ప్రాంత ప్రజలు దశాబ్దాలుగా బాధపడుతున్నారు. ఈ అధ్యయనంలో నీటి నమూనాలను సేకరించి విశ్లేషించడం జరిగింది. ఫలితాలు సదస్సులో చర్చించబడతాయి. ప్రభుత్వం తగిన చర్యలు తీసుకోవాలి.

మాటల కోటా అయిపోయింది. ఆ స్కాలర్ మర్రిగూడ వెళ్లకముందే మనకు తెలిసిన విషయం తప్ప ఇందులో ఒక్కటి కూడా లేదు.

ఇప్పుడు అదే స్కాలర్ నోటు పుస్తకంలో ఉన్నదేమిటో చూడండి. ఎన్ని గ్రామాల్లో ఎన్ని బోర్ల నుంచి నీళ్లు పట్టాడు. ఆ బోర్లను ఎలా ఎంచుకున్నాడు, ఊరంతా తిరిగాడా, రోడ్డు పక్కవే తీసుకున్నాడా. వానలకు ముందా, తర్వాతా. కొలిచింది ఎలక్ట్రోడ్‌తోనా, రంగు మార్పును బట్టి లెక్కగట్టే పద్ధతిలోనా. మన దేశ ప్రమాణాల ప్రకారం గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, దాన్ని దాటిన బోర్లు ఎన్ని. అన్నిటికన్నా ఎక్కువ ఎంత, ఏ లోతులో. ఈ జవాబులన్నీ రాస్తే 150 మాటలు కూడా దాటవు. ఇంకా వంద మాటలు మిగులుతాయి, అధ్యయనానికి ఉన్న పరిమితులేమిటో చెప్పడానికి సరిపోతాయి.

ఇది కొత్తగా కనిపెట్టాల్సిన పద్ధతి కూడా కాదు. 1987లో అనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్ అనే వైద్యపత్రికలో ఒక బృందం ప్రతిపాదన చేసింది. వ్యాస సారాంశాన్ని ఒకే పేరాగా రాయకుండా ఉద్దేశం, పద్ధతి, ఎక్కడ, ఎవరి మీద, ఏం కొలిచారు, ఏం తేలింది, నిర్ధారణ అన్న శీర్షికల కింద విడగొట్టి రాయాలన్నది దాని సారం. ఒక శీర్షిక కింద ఖాళీ మిగిలితే అది చదివేవాళ్లకు వెంటనే కనిపిస్తుంది. ఒకే పేరాలో ఆ ఖాళీని మంచి మాటలతో కప్పేయవచ్చు. వైద్యపత్రికలు చాలావరకు దాన్ని పాటించడం మొదలుపెట్టాయి, సదస్సులు అనుసరించాయి. 2008లో ట్రయల్స్ అబ్‌స్ట్రాక్టుల కోసం వచ్చిన కన్సార్ట్ మార్గదర్శకాలు సదస్సు అబ్‌స్ట్రాక్టులను పేరు పెట్టి మరీ కలుపుకున్నాయి.

‘డీఎన్ఏ నిర్మాణం మీద 1953లో వాట్సన్, క్రిక్ రాసిన వ్యాసానికి అబ్‌స్ట్రాక్టే లేదు కదా’ అని అడిగేవాళ్లున్నారు. లేదు. ఆ వ్యాసమే ఒక పేజీని కొంచెం దాటుతుంది, ఏం ప్రతిపాదిస్తున్నామో మొదటి వాక్యంలోనే చెబుతుంది. దాన్ని చూసి నేర్చుకోవాల్సింది ఆ మొదటి వాక్యం రాయడం.

అసలు ఇబ్బంది చోటు చాలకపోవడం వల్ల రావడం లేదు. నా అధ్యయనం ఏ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పింది అన్నది రాసేవాళ్లకే తేలకపోవడం వల్ల వస్తోంది. ఉద్దేశాన్ని ఒక వాక్యంలో రాయలేని స్కాలర్‌కు సిద్ధాంత గ్రంథం 300 పేజీలు రాసినా అది తేలదు. బోర్లను ఎలా ఎంచుకున్నాడో రాయబోయి, అది తను ఎక్కడా నమోదు చేయలేదని అతనికి అబ్‌స్ట్రాక్ట్ రాసేటప్పుడు తెలిసిందనుకోండి, సరిదిద్దుకునే వ్యవధి ఉంటుంది. వైవాలో బయటి పరీక్షకుడు అడిగినప్పుడు తెలిస్తే ఉండదు. అబ్‌స్ట్రాక్టును పని అంతా అయ్యాక అతికించే ముక్కగా చూసేవాళ్లు పరిశోధకుడికి దొరికే అన్నిటికన్నా చవకైన పరీక్షను అతని చేతిలోంచి లాగేస్తున్నారు.

3. “గడువు నాటికి ఫలితాలు రాలేదు”

ఫలితాలు లేని అబ్‌స్ట్రాక్ట్ ముహూర్తమూ వేదికా అచ్చువేయని శుభలేఖ. అందుకున్నవాడికి పెళ్లి జరుగుతుందని తెలుస్తుంది తప్ప వెళ్లే దారి ఉండదు.

గడువు ముందే వస్తుందన్నది నిజమైన ఇబ్బంది, కాదనను. దానికి నిజాయితీగల దారులు రెండున్నాయి. పని కొంత అయితే అయినంతవరకు లెక్క చెప్పాలి: అనుకున్న 200 మందిలో ఇప్పటికి 120 మందిని చూశాం, వాళ్లలో కనిపించింది ఇది, మిగతావాళ్లను చూశాక మారవచ్చు. పని మొదలే కాకపోతే ఫలితాల విభాగంలో పంపకూడదు. అధ్యయన ప్రణాళికలకు వేరే విభాగం పెట్టే సదస్సులున్నాయి, అక్కడికి పంపాలి, లేదా వచ్చే ఏడాది దాకా ఆగాలి. ఈ రెండూ వదిలి ‘చర్చించబడతాయి’ అని రాసేవాళ్లు పరీక్షకుణ్ని చూడని సరుకుకు ముద్ర వేయమంటున్నారు.

నన్ను ఇంతకన్నా ఎక్కువ కలవరపెట్టేది మూడో దారి. వచ్చే ఫలితాన్ని ముందే ఊహించి రాసేయడం. ‘గణనీయమైన తేడా కనిపించింది’ అని నిర్ధారణ అచ్చులో పడుతుంది, కింద గైడ్ పేరు, విభాగాధిపతి పేరు ఉంటాయి. మూడు నెలల తర్వాత డేటా ఇంకోలా వస్తే, ఆ స్కాలర్ గైడ్ గదిలోకి వెళ్లి “సార్, మనం రాసింది తప్పు” అని చెప్పగలడా? చెప్పలేనివాడు ఏం చేస్తాడో మనందరికీ తెలుసు. ఇబ్బంది పెట్టే నమూనాలు పక్కకు పోతాయి, ఇంకో పరీక్ష వేసి చూస్తారు, తేడా వచ్చేదాకా చూస్తారు. ఒక తొందరపాటు పేజీ మూడేళ్ల పరిశోధనను తన వెనక ఈడ్చుకుపోతుంది.

ఇది నా అతి భయం అనుకునేవాళ్లకు ఒక పాత అధ్యయనం గుర్తుచేస్తాను. 1999లో అమెరికా వైద్యపత్రిక జామాలో వచ్చిన పిట్కిన్, ఆయన సహచరుల పరిశీలన అది. ఆరు పేరున్న వైద్యపత్రికల్లో వ్యాసాలు తీసుకుని, అబ్‌స్ట్రాక్టులో ఉన్న అంకెలు లోపలి వ్యాసంతో సరిపోతున్నాయా అని చూశారు. పత్రికను బట్టి 18 నుంచి 68 శాతం దాకా అబ్‌స్ట్రాక్టుల్లో సరిపోలని అంకెలో, వ్యాసంలో అసలే లేని సమాచారమో దొరికింది. అబ్‌స్ట్రాక్టూ వ్యాసమూ ఒకేసారి సంపాదకుల కళ్ల కింద నుంచి వెళ్లిన చోట పరిస్థితి అది. సరిపోల్చడానికి వ్యాసమే లేని సదస్సుల్లో పట్టుకునేదెవరు?

4. “ఫార్మాట్ టైపిస్టు పని”

ఈ మాట నాకు అన్నిటికన్నా తప్పుగా తోస్తుంది. ఫార్మాట్ నియమాల్లో అర్థంలేనివి కొన్ని ఉంటాయి, నిజమే. ఒక్కో సదస్సు ఒక్కో లైన్ స్పేసింగ్ అడగడం వల్ల ఎవరికీ మేలు లేదు. కానీ ముఖ్యమైన నియమాలు కొన్ని బలహీనుల రక్షణ కోసం ఉన్నాయి. వాటిని టైపిస్టుకు వదిలేసేది ఆ రక్షణ అక్కర్లేనివాళ్లు.

‘అబ్‌స్ట్రాక్ట్ లోపల రచయితల పేర్లు, సంస్థ పేరు, ఆసుపత్రి పేరు రాయరాదు’ అన్న నియమమే తీసుకోండి. చాదస్తంలా కనిపిస్తుంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వార్షిక సదస్సుకు 2000 నుంచి 2004 దాకా వచ్చిన 67,275 అబ్‌స్ట్రాక్టులను పరిశీలించిన అధ్యయనం 2006లో జామాలో వచ్చింది. మొదటి రెండేళ్లు పరీక్షకులకు రచయితల పేర్లు, సంస్థలు కనిపించేవి. తర్వాత మూడేళ్లు వాటిని దాచారు. పేర్లు కనిపించినప్పుడు అమెరికా నుంచి వచ్చినవాటిలో 40.8 శాతం, బయటి దేశాల నుంచి వచ్చినవాటిలో 22.6 శాతం ఎంపికయ్యాయి. దాచాక అమెరికావాటిలో ఎంపికైనవి 33.4 శాతానికి దిగాయి, బయటివాటిలో ఎంపికైనవి 23.7 శాతానికి చేరాయి. పేరుమోసిన సంస్థలకు దొరికే మొగ్గు కూడా తగ్గింది. అనంతపురంలోనో ఆదిలాబాద్‌లోనో చిన్న కాలేజీలో చదివే పిల్లకు పెద్ద సంస్థ విద్యార్థితో సమానంగా నిలబడే అవకాశం ఇచ్చేది ఈ చాదస్తమే. తన కాలేజీ పేరు పొరపాటున మధ్యలో రాసేసినప్పుడు ఆ అవకాశం తనే పోగొట్టుకుంటుంది. ఈ సంగతి ఆమెకు చెప్పే బాధ్యత టైపిస్టుదా, గైడ్‌దా?

మాటల పరిమితి కూడా అలాంటిదే. 250 అంటే అందరికీ 250. దాన్ని దాటనిచ్చే చోట పలుకుబడి ఉన్నవాళ్లే దాటుతారు. పొడి అక్షరాలను మొదటిసారి వాడినప్పుడు విప్పి రాయమనడం పక్క శాఖవాళ్ల కోసం. ‘తేడా గణనీయం’ అని వదిలేయకుండా తేడా ఎంత, ఎంతమందిలో అని అంకె ఇమ్మనడం చదివేవాళ్లు తామే తూచుకోవడం కోసం. ట్రయల్ అయితే సీటీఆర్‌ఐ నంబరు అడుగుతారు. మన దేశపు ట్రయల్స్ రిజిస్ట్రీ 2007లో మొదలైంది, 2009 జూన్ నుంచి నమోదు తప్పనిసరి. ఆ నంబరు ఉంటే, మొదట ఏం కొలుస్తామన్నారు, చివరికి ఏం కొలిచామంటున్నారు అని ఎవరైనా పోల్చి చూడవచ్చు. రచయితలందరూ చదివి ఒప్పుకున్నట్టు టిక్ పెట్టమనే గడి ఉంటుంది. మన దగ్గర దాన్ని ఒక్కరే, అందరి తరఫునా, రాత్రి పదకొండున్నరకు నొక్కేస్తారు. పేరు కింద వచ్చే తప్పుకు అందరూ బాధ్యులే అన్న సంగతి ఆ గడిలో ఉంది.

ఇక తెలుగు శాఖల సదస్సుల సంగతి. ఇక్కడ ఫార్మాట్ వల్ల జరిగిన నష్టం ఇంకా పెద్దది, ఎవరూ గట్టిగా మాట్లాడనిది. ఎన్నో ఏళ్లుగా మన సదస్సుల ప్రకటనల్లో ‘పత్ర సంక్షిప్తిని అను ఫాంట్స్‌లో, పేజ్‌మేకర్‌లో పంపగలరు’ అని ఉంటుంది. ఈ ఫాంట్లు తెలుగు రూపాలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెడతాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే రోమన్ అక్షరాలు, గుర్తుల గందరగోళం కనిపిస్తుంది. అలా కూర్చిన పుటల్ని నెట్‌లో పెట్టినా ‘జాషువా’ అని తెలుగులో వెతికినవాడికి దొరకవు, ఎందుకంటే యంత్రం లెక్కలో అక్కడ ‘జాషువా’ అన్న మాటే లేదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కింది. ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా మన విశ్వవిద్యాలయాల సదస్సుల్లో కథ, కవిత, శాసనాలు, మాండలికాలు, జానపదుల మీద చదివిన పత్రాల సారాంశాల్లో చాలాభాగం ఎవరి వెతుకులాటకూ అందని రూపంలో అచ్చయి సావనీర్లలో పడి ఉంది. ఒక మండలపు మాండలికాన్ని ఇంటింటికీ తిరిగి సేకరించిన స్కాలర్ పని, పదేళ్ల తర్వాత అదే మండలానికి వెళ్లే ఇంకో స్కాలర్‌కు కనిపించదు. వాళ్లు మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు. ఈలోపు ఆ పదాలు తెలిసిన ముసలివాళ్లు ఉండరు.

ఫార్మాట్‌కూ పరిశోధనకూ సంబంధం లేదనేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి.

5. “ఇంగ్లీషు రానివాళ్లకు అన్యాయం”

ఈ వాదనను నేను గౌరవిస్తాను, ఎందుకంటే ఇది కడుపులోంచి వచ్చేది. పది దాకా తెలుగులో చదివి, డిగ్రీలో ఒక్కసారిగా ఇంగ్లీషులో పడి, పీహెచ్‌డీకి చేరినవాళ్లు మన విశ్వవిద్యాలయాల్లో చాలామంది ఉన్నారు. వాళ్లు ఇంగ్లీషు పేరా రాయడానికి పడే యాతన నిజం.

కానీ ఈ వాదనలోంచి రావాల్సిన ముగింపు తలకిందులైంది. విడివిడి శీర్షికలు, చిన్న వాక్యాలు, అంకెలు ఉన్న అబ్‌స్ట్రాక్ట్ భాషలో తక్కువ పట్టు ఉన్నవాళ్లకే ఎక్కువ సాయం చేస్తుంది. ‘మేం 48 బోర్ల నీళ్లు పరీక్షించాం’ అన్న వాక్యానికి హైస్కూలు ఇంగ్లీషు చాలు. నీరు జీవుల ఆధారమంటూ సాగే అలంకార వాక్యాలకే పెద్ద ఇంగ్లీషు కావాలి, అవి రాయలేకే పిల్లలు పక్కవాళ్ల అబ్‌స్ట్రాక్టులోంచి ఎత్తి రాస్తున్నారు, ఆ తర్వాత కాపీ పట్టే సాఫ్ట్‌వేర్‌కు దొరికిపోతున్నారు. ఇప్పుడైతే తప్పులేని ఇంగ్లీషులో 250 మాటలు యంత్రం క్షణంలో రాసిస్తుంది. ఏ సదస్సుకైనా, ఏ విషయం మీదైనా. అలాంటి పేజీలు వందల్లో వచ్చి పడుతున్నప్పుడు ఒక విద్యార్థి దగ్గర ఉండి యంత్రం దగ్గర లేనిది ఒక్కటే: తను నిజంగా వెళ్లిన ఊరు, తీసిన నమూనా, రాసుకున్న కొలత. వాటిని ముందుకు తెచ్చి రాయడం నేర్పితే భాష వెనకబాటు సగం తీరుతుంది.

‘అబ్‌స్ట్రాక్టే కదా’ అని చెప్పి పంపితే ఆ నేర్పడం జరగదు. అన్యాయం అక్కడ జరుగుతోంది. గైడ్ పక్కన కూర్చుని ఒక గంట ఒక్కో వాక్యాన్నీ ‘ఇదెలా తెలుసు?’ అని అడిగితే, సొంత ఇంట్లో పుస్తకాలూ ప్రొఫెసర్లూ లేని విద్యార్థికి అది ఇంకెక్కడా దొరకని చదువు. చదువుకున్న కుటుంబాల పిల్లలకు ఆ గంట ఎవరో ఒకరు ఇస్తారు.

6. “ఫీజు కడితే అందరినీ తీసుకుంటారు”

తీసుకుంటారు. ఆ విషయంలో హైదరాబాద్‌కు ప్రపంచవ్యాప్తంగా చెడ్డపేరు వచ్చింది కూడా. 2016 ఆగస్టులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ హైదరాబాద్ కేంద్రంగా నడిచే ఒమిక్స్ మీద, దాని సదస్సుల విభాగం కాన్ఫరెన్స్ సిరీస్ మీద కేసు వేసింది. రావడానికి ఒప్పుకోని శాస్త్రవేత్తల పేర్లు చూపి సదస్సులకు జనాన్ని పిలిచారన్నది ఆరోపణల్లో ఒకటి. 2019 మార్చిలో అమెరికా కోర్టు 5.01 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని ఆదేశించింది. 2016లోనే న్యూజిలాండ్‌లోని ప్రొఫెసర్ క్రిస్టఫ్ బార్ట్‌నెక్, అణుభౌతికశాస్త్రం మీద కాన్ఫరెన్స్ సిరీస్ జరిపే సదస్సుకు ఒక అబ్‌స్ట్రాక్ట్ పంపారు. ఐఫోన్ తనంతట తాను సూచించే మాటలను వరసగా నొక్కుతూ పోయారు, అందులో ఒక్క వాక్యానికీ అర్థం లేదు. మూడు గంటల్లో ఎంపికైనట్టు, వచ్చి ప్రసంగించమంటూ జవాబు వచ్చింది.

ఇలాంటి సదస్సులు ఎందుకు నిండుతున్నాయి? పీహెచ్‌డీ సమర్పించడానికి ముందు రెండు సదస్సుల్లో పత్రాలు చదవాలని యూజీసీ 2016 నిబంధనలు అన్నాయి. 2022లో వచ్చిన కొత్త నిబంధనల్లో ఆ తప్పనిసరి పోయింది. అధ్యాపకుల పదోన్నతుల్లోనూ సదస్సులకు పాయింట్లు ఇచ్చారు. మెడికల్ పీజీలు పరీక్షకు కూర్చోవాలంటే పోస్టరూ పత్రమూ చూపాలన్న నియమం ఏళ్ల తరబడి నడిచింది. సర్టిఫికెట్ కావాల్సినవాళ్లు లక్షల్లో ఉన్నప్పుడు సర్టిఫికెట్ అమ్మేవాళ్లు పుడతారు. ఆ బజారుకు అన్నిటికన్నా అనుకూలమైన తత్వం ‘అబ్‌స్ట్రాక్టే కదా’ అన్నదే. చదవకుండా తీసుకునేవాడికీ, ఆలోచించకుండా రాసేవాడికీ మధ్య ఒప్పందం అది. ఎవరూ చదవరు కాబట్టి బాగా రాయనక్కర్లేదు అనేవాళ్లు ఆ ఒప్పందంలో తమ సంతకం తామే పెడుతున్నారు.

చదివే సదస్సులు ఉన్నాయి. వాటిని గుర్తుపట్టడానికి కూడా అబ్‌స్ట్రాక్టే సాధనం. ఏ అంశానికి ఎన్ని మార్కులో ముందే ప్రకటించిందా? పరీక్షకుల వ్యాఖ్యలు తిప్పి పంపిందా? తిరస్కరించిన దాఖలా ఉందా? పంపిన గంటల్లోనే అభినందనలతో ఖాతా నంబరు వచ్చిన చోటికి విద్యార్థిని పంపే గైడ్, ఆ విద్యార్థి స్టైపెండ్ డబ్బును తన చేతులతో పారేస్తున్నట్టే లెక్క.

కాబట్టి గైడ్లను అడుగుతున్నాను. మీ పేరు ఉన్న అబ్‌స్ట్రాక్టును మీరు చదవకుండా వెళ్లనివ్వకండి, చదవడానికి తీరిక లేకపోతే పేరు తీసేయమనండి. నిర్వాహకులను అడుగుతున్నాను. పద్ధతి, ఫలితం లేని ప్రతి పేజీనీ కారణం రాసి తిప్పి పంపండి, గడువు ముందే పెట్టింది మీరు కాబట్టి ఒకసారి సరిదిద్దుకునే అవకాశం ఇవ్వండి. సావనీర్ పుటలు నింపుకోవడానికి వాటిని తీసుకోకండి. తెలుగు శాఖలు వచ్చే సదస్సు ప్రకటన నుంచే అను ఫాంట్ల నియమం తీసేసి యూనికోడ్ అడగాలి, పాత సావనీర్లలోని సారాంశాలను మార్పించి అందరూ వెతుక్కునేలా పెట్టాలి. దానికి కొత్త నిధులు అక్కర్లేదు. ఒక ఏడాది ఎంఏ విద్యార్థుల ప్రాజెక్టు పనిగా ఇస్తే మొదలవుతుంది.